పీజీ, పీహెచ్‌డీకి దరఖాస్తు చేస్తున్నారా? నెల్లూరు, ప్రకాశం విద్యార్థులకు మొదటి కాగితం నుంచి థీసిస్ దాకా

2011లో ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ కౌన్సెలింగ్‌కు వెళ్లాను. మాది కనిగిరి దగ్గర పల్లె. రాత్రి బస్సెక్కి, పొద్దున్నే దిగి, బస్టాండ్‌లో మొహం కడుక్కుని క్యూలో నిలబడ్డాను. నా ర్యాంకుకు ఓబీసీ కోటాలో సీటు ఖాయం. టేబుల్ వెనక ఉన్నాయన నా కుల ధ్రువీకరణ పత్రం అటూ ఇటూ తిప్పి, "ఇది రాష్ట్రం ఫార్మాట్. మాకు సెంట్రల్ ఫార్మాట్ కావాలి, నాన్ క్రీమీలేయర్ అని ఉండాలి" అన్నాడు. అంటే ఓబీసీల్లో సంపన్న వర్గం కాదని రాసి ఉండాలి. గడువు అడగొచ్చని, హామీపత్రం రాసివ్వొచ్చని నాకు తెలియదు. అడగడానికి నోరు కూడా రాలేదు. "సరే సార్" అని బయటికొచ్చేశాను. నా వెనక ఉన్న అబ్బాయిదీ అదే సమస్య. అతను అడిగాడు. వారం గడువిచ్చారు. అతను ఆ ఏడాదే చేరాడు, నేను మరుసటి ఏడాది చేరాను.

ఆ తర్వాత పీజీ, పీహెచ్‌డీ రెండూ పూర్తిచేశాను. ఇప్పుడు మన రెండు జిల్లాల నుంచి పిల్లలు ఫోన్ చేస్తే చేతనైనంత చెబుతుంటాను. చదువులో వీళ్లు ఎవరికీ తీసిపోరు. దెబ్బతినేది మొహమాటం దగ్గర. లెక్చరర్‌ను ఉత్తరం అడగడానికి మొహమాటం, తెలియని ప్రొఫెసర్‌కు మెయిల్ పెట్టడానికి మొహమాటం, చేరాక గైడ్ గది తలుపు తట్టడానికి మొహమాటం. అందుకే కింద ప్రతి దశలోనూ ఏం చేయాలో చెబుతూ, ఎవరిని ఏం అడగాలో కూడా రాశాను.

1. ముందు దారి తేల్చుకోండి

"పీజీ చేస్తాను" అనేది సగం మాటే. దేనికి చేస్తున్నారో తేలితేనే ఎక్కడ చేయాలో తేలుతుంది. డిగ్రీ కాలేజీ లెక్చరర్ కావాలంటే పీజీలో 55 శాతం మార్కులు, ఆపైన జాతీయ అర్హత పరీక్ష నెట్ లేదా రాష్ట్రం పెట్టే ఏపీసెట్ కావాలి. పరిశోధన వైపు వెళ్లాలంటే మంచి ల్యాబు, పని చేసే ప్రొఫెసర్లు ఉన్న చోటు చూసుకోవాలి. ఇంటి దగ్గరే ఉండి చదవాల్సిన పరిస్థితి అయితే దానికీ దారి ఉంది.

మన దగ్గర కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం ఉన్నాయి. వీటికీ, రాష్ట్రంలోని మిగతా విశ్వవిద్యాలయాలకూ ఏపీ పీజీసెట్ రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, పాండిచ్చేరి, జేఎన్‌యూ, బనారస్, ఢిల్లీ లాంటి వాటిలో పీజీకి సీయూఈటీ పీజీ. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్. అందులో ఏడు సబ్జెక్టులే ఉన్నాయి: మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, జియాలజీ, ఎకనామిక్స్, మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్. ఎంటెక్‌కు గేట్. పీహెచ్‌డీకి నెట్, లేదా మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీఆర్‌సెట్. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2022 నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీ 75 శాతంతో పూర్తిచేసినవాళ్లు పీజీ లేకుండానే పీహెచ్‌డీకి దరఖాస్తు చేయొచ్చు. ఈ సంగతి నాలుగేళ్ల ఆనర్స్ చదువుతున్న చాలామందికి ఇంకా తెలియదు.

ఏ విశ్వవిద్యాలయం మంచిదో తేల్చుకోవడానికి ర్యాంకింగుల కంటే ఒక రోజు ప్రయాణం మేలు. కాలేజీ నడిచే రోజు చూసుకుని ఆ డిపార్ట్‌మెంట్‌కు వెళ్లండి. క్యాంటీన్‌లో రెండో ఏడాది వాళ్లను పట్టుకుని మూడు విషయాలు అడగండి. క్లాసులు నిజంగా జరుగుతున్నాయా? ల్యాబులో చేత్తో చేయిస్తున్నారా, చూపించి పంపిస్తున్నారా? రిజల్ట్స్ టైముకు వస్తున్నాయా? మూడో ప్రశ్న చాలా ముఖ్యం. రిజల్ట్ ఆలస్యమై, పీహెచ్‌డీ ఇంటర్వ్యూ నాటికి మార్కుల మెమో చేతిలో లేక అవకాశం పోగొట్టుకున్నవాళ్లను నేను చూశాను.

2. క్యాలెండర్‌ను వెనక నుంచి రాసుకోండి

చాలామంది ఆఖరి సెమిస్టర్ పరీక్షలు అయిపోయాక "ఇప్పుడేం చేద్దాం" అని మొదలుపెడతారు. అప్పటికి సగం తలుపులు మూసుకుపోయి ఉంటాయి. గేట్, జామ్ పరీక్షలు జరిగేది ఫిబ్రవరిలో, దరఖాస్తులు మాత్రం ముందటి ఏడాది ఆగస్టు చివర్నుంచి అక్టోబరు లోపే. సీయూఈటీ పీజీ సాధారణంగా మార్చిలో జరుగుతుంది, దరఖాస్తు చలికాలంలోనే. అమెరికా పీహెచ్‌డీకి ఎక్కువ యూనివర్సిటీల గడువు డిసెంబరు మొదటి పక్షంలో ముగుస్తుంది, చేరేది మరుసటి ఆగస్టులో. నెట్ ఏడాదికి రెండుసార్లు ఉంటుంది.

ఆఖరి సంవత్సరం మొదలయ్యే జూన్‌లోనే గోడకు ఒక క్యాలెండర్ తగిలించి ఈ నెలలన్నీ గుర్తుపెట్టండి. ఒక్కో గడువుకు ఆరు వారాల ముందు ఇంకో గుర్తు పెట్టండి. సిఫారసు ఉత్తరాలు, కాగితాలు అడగాల్సిన రోజు అది.

డిగ్రీ రెండో ఏడాది నుంచే చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా వేసవి పరిశోధన ఫెలోషిప్ ఇస్తాయి. నవంబరు ప్రాంతంలో దరఖాస్తు అడుగుతారు. ఎంపికైతే రెండు నెలలు మంచి ల్యాబులో కూర్చోవచ్చు, స్టైపెండ్ కూడా ఇస్తారు. పల్లె కాలేజీ నుంచి వచ్చిన విద్యార్థి దరఖాస్తులో ఆ రెండు నెలలకు చాలా విలువ ఉంటుంది.

మార్కుల పద్ధతి కూడా ఒక్కో పరీక్షకు ఒక్కోలా ఉంటుంది. పీజీసెట్‌లో తప్పుకు మార్కు కోయరు, సీయూఈటీలో కోస్తారు. జామ్‌లో ఇచ్చిన జవాబుల్లో ఒక్కటే సరైనదయ్యే ప్రశ్నలకే కోత. అలవాటు కొద్దీ అన్నిటికీ బబుల్ పెట్టేస్తే మునిగిపోతారు. నోటిఫికేషన్‌లోని ఆ పేజీని ఏటా కొత్తగా చదవండి. జామ్, గేట్ ప్రశ్నపత్రాలు ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి తెలుగు మీడియం వాళ్లు పాత పేపర్లను కనీసం ఆరు నెలల ముందు నుంచి ఇంగ్లీషులోనే చేయాలి. మొదటి నెల కష్టంగా ఉంటుంది, తర్వాత ఆ పదాలే తిరిగి తిరిగి వస్తున్నాయని మీకే తెలుస్తుంది.

3. కాగితాలు: ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే

మొదట పేరు. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, డిగ్రీ మెమోలో పేరు ముందు ఉన్నది వెనక్కి పోయి ఉంటుంది. ఈ మూడూ ఒకదానితో ఒకటి కలవాలి. పదో తరగతి మెమోలో ఎలా ఉందో అదే ఆధారం అనుకుని ఆధార్‌ను దానికి తగ్గట్టు మార్పించండి. పాస్‌పోర్టు తీసుకునేటప్పుడు ఇంటిపేరు గడి ఖాళీగా వదలొద్దు. ఖాళీగా వదిలితే అమెరికా వీసాలో మీ పేరంతా ఇంటిపేరు కింద పడి, అసలు పేరు దగ్గర "పేరు తెలియదు" అనే అర్థం వచ్చే మూడక్షరాలు అచ్చవుతాయి. బ్యాంకు ఖాతా నుంచి జీతం దాకా అన్ని చోట్లా దాని గురించి సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది.

రెండోది కులం, ఆదాయం పత్రాలు. నా ఏడాది పోయింది దీనివల్లే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. రాష్ట్రంలో బీసీ-ఏ, బీసీ-డీ అని ఉండే పత్రం పీజీసెట్‌కు సరిపోతుంది. కేంద్ర సంస్థలకు ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం, కేంద్ర ప్రభుత్వ నమూనాలో కావాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండవు. మీది ఉందో లేదో ముందే చూసుకోండి. ఆర్థికంగా వెనకబడిన ఓసీలకు ఇచ్చే ఈడబ్ల్యూఎస్ పత్రం ఒక ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, కేంద్ర నిబంధనల్లో 5 ఎకరాల పొలం హద్దు కూడా ఉంది. చాలా సంస్థలు "ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చిన పత్రమే కావాలి" అంటాయి. కాబట్టి ఏప్రిల్ మొదటి వారంలోనే సచివాలయంలో దరఖాస్తు పెట్టండి. అడిగేటప్పుడు "కులం సర్టిఫికెట్ కావాలి" అంటే రాష్ట్రం ఫార్మాట్ చేతిలో పెడతారు. "సెంట్రల్ గవర్నమెంట్ ఫార్మాట్ ఓబీసీ కావాలి" అని చెప్పండి, ఆ నమూనా ప్రింటు తీసుకెళ్లి చూపించండి. కౌన్సెలింగ్ రోజుకు పత్రం రాకపోతే హామీపత్రం రాసిస్తానని అడగండి. కాదంటే, ఎవరి దగ్గరకు వెళ్లి అడగాలో అది అడగండి.

మూడోది డిగ్రీ కాగితాలు. కన్సాలిడేటెడ్ మార్కుల మెమో, ప్రొవిజనల్, టీసీ, మైగ్రేషన్, ఒరిజినల్ డిగ్రీ. వేరే విశ్వవిద్యాలయంలో చేరాలంటే మైగ్రేషన్ తప్పదు, చాలామంది చివర్లో గుర్తుచేసుకునేది ఇదే. విదేశాలకైతే విశ్వవిద్యాలయం ముద్ర వేసి ఇచ్చే మార్కుల జాబితాలు, అంటే ట్రాన్‌స్క్రిప్టులు కావాలి. అవి కాలేజీలో దొరకవు, విశ్వవిద్యాలయం పరీక్షల విభాగం ఇస్తుంది. నెల్లూరు ఇంజినీరింగ్ కాలేజీల వాళ్లకు అనంతపురం జేఎన్‌టీయూ, ప్రకాశం వాళ్లకు కాకినాడ జేఎన్‌టీయూ. పాత డిగ్రీ వాళ్లు ఒక్కసారి మెమో మీద ఏ విశ్వవిద్యాలయం పేరుందో చూసుకోండి. ఒకప్పుడు నెల్లూరు కాలేజీలు తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ కింద, ప్రకాశం కాలేజీలు నాగార్జున కింద ఉండేవి. కాకుటూరు దాకా వెళ్లి, అక్కణ్నుంచి మళ్లీ తిరుపతి బస్సెక్కడం ఎందుకు?

అన్నిటినీ స్కాన్ చేసి ఫోనులో ఒక ఫోల్డర్, మెయిల్‌లో ఒక కాపీ పెట్టుకోండి. ఒరిజినల్స్ ఏ కాలేజీ అడిగినా రసీదు లేకుండా ఇవ్వొద్దు.

4. సిఫారసు ఉత్తరం

మన కాలేజీల్లో ఇది ఎలా జరుగుతుందో అందరికీ తెలుసు.

"సార్, రికమెండేషన్ లెటర్ కావాలి సార్."

"ఎప్పటికి?"

"రేపే లాస్ట్ డేట్ సార్."

"సరే, నువ్వే రాసుకురా నాయనా, సంతకం పెడతాను."

సార్ మంచితనంతోనే అంటారు. కానీ ఆ ఉత్తరం వల్ల మీకు మేలు జరగదు. ఎంపిక కమిటీలో కూర్చున్నవాళ్లు వందల ఉత్తరాలు చదువుతారు. విద్యార్థి తన గురించి తాను రాసుకున్నది మొదటి వాక్యంలోనే పట్టేస్తారు. పైగా మిమ్మల్ని గురించి మీరు రాసుకుంటే "కష్టపడే స్వభావం, మంచి నడవడి" దగ్గరే ఆగిపోతారు. సార్‌కు గుర్తున్న సంగతి, అంటే ప్రాక్టికల్స్‌లో రీడింగు తేడా వస్తే మీరు మూడుసార్లు మళ్లీ చేసిన సంగతి, మీకు రాయాలని కూడా తోచదు.

ఆరు వారాల ముందు వెళ్లండి. ఒక పేజీ కాగితం పట్టుకెళ్లండి. అందులో మీరు ఆయన దగ్గర చదివిన పేపర్లు, వచ్చిన మార్కులు, చేసిన ప్రాజెక్టు, ఆయన క్లాసులో జరిగిన ఒకటి రెండు సంఘటనలు, ఏయే చోట్లకు దరఖాస్తు చేస్తున్నారో, వాటి గడువులు ఉండాలి. "సార్, మీరు నా గురించి గట్టిగా రాయగలననుకుంటేనే రాయండి, లేకపోతే పర్వాలేదు సార్" అని చెప్పండి. ఈ మాట అనడం కష్టమే. కానీ మొక్కుబడి ఉత్తరం కంటే "నాకు నీ పని అంతగా తెలియదమ్మా, ఫలానా మేడమ్‌ను అడుగు" అనే జవాబు మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. గడువుకు పది రోజుల ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఇంకోసారి గుర్తుచేయండి. పెద్దవాళ్లను గుర్తుచేస్తే బాగుండదని ఊరుకోవద్దు. వాళ్లకు పేపర్లు దిద్దే పని ఉంటుంది, మర్చిపోతారు.

విదేశీ యూనివర్సిటీలు ఉత్తరం పంపేవారి అధికారిక మెయిల్ అడుగుతాయి. మన కాలేజీల్లో చాలామందికి జీమెయిల్ తప్ప వేరే ఉండదు. కాలేజీ పేరుతో వెబ్‌సైట్ ఉంటే ఆ పేరు మీద మెయిల్ ఐడీ ఇప్పించమని ప్రిన్సిపాల్ గారిని అడగొచ్చు. కుదరకపోతే ఆ యూనివర్సిటీ అడ్మిషన్స్ ఆఫీసుకు విషయం వివరించి ఏం చేయమంటారో రాసి అడగండి. జవాబిస్తారు.

5. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్

ఎందుకు చేరాలనుకుంటున్నారో దరఖాస్తుతో పాటు రాసిచ్చే వ్యాసం ఇది. నాకు చూపించే వాటిలో పదికి తొమ్మిది ఇలా మొదలవుతాయి: "చిన్నప్పటి నుంచి నాకు సైన్స్ అంటే ఎంతో ఇష్టం." ఈ వాక్యం ఎవరైనా రాయొచ్చు, కాబట్టి మీ గురించి ఏమీ చెప్పదు. నేను మొదట రాసిందీ అదే. నా సీనియర్ ఒక అక్క దాన్ని కొట్టేసి, "మీ ఊళ్లో కెమిస్ట్రీ ఎక్కడ చూశావు?" అని అడిగింది. నేను చాలాసేపు ఆలోచించి, మా క్లాసులో సగం మందికి గారపళ్లు ఉండేవని, అది బోరు నీళ్లలో ఫ్లోరైడ్ వల్లని ఇంటర్‌లో గానీ తెలియలేదని చెప్పాను. "అదే రాయి" అంది. కొత్త మొదటి వాక్యం ఇదీ: "మా ఊరి బడిలో నా పక్కన కూర్చున్నవాళ్లలో సగం మందికి పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు ఉండేవి, అందరం ఒకే బోరు నీళ్లు తాగేవాళ్లం."

అది సానుభూతి కోసం రాసే కష్టాల కథగా మారకూడదు. ఒక పేరా చాలు. ఆ తర్వాత మీరు చేసిన పని, అందులో తేలింది, తేలనిది, ఇప్పుడు ఏ ప్రశ్న వెంట వెళ్లాలనుకుంటున్నారు, దానికి ఆ డిపార్ట్‌మెంట్‌లో ఎవరి పని పనికొస్తుంది, ఇవి రాయాలి. మార్కులు తగ్గిన సెమిస్టర్ ఉంటే కారణం రెండు వాక్యాల్లో నిజాయితీగా చెప్పండి. ఇంటర్నెట్‌లో దొరికే నమూనాను మార్చి రాయొద్దు, ఏఐతో రాయించి పంపొద్దు. ముందు తెలుగులో రాసుకోండి. చెప్పాలనుకున్నది తేలాక ఇంగ్లీషులో కొత్తగా రాయండి. నాకు పనికొచ్చిన పద్ధతి ఇదే.

6. ప్రొఫెసర్‌కు మెయిల్

పీహెచ్‌డీకి గైడ్ దొరకడమే సగం పని. యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ 8 మందిని, అసోసియేట్ ప్రొఫెసర్ 6 గురిని, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురిని మించి పీహెచ్‌డీ విద్యార్థులను తీసుకోకూడదు. అందుకే ఎంత మంచి విద్యార్థి అయినా ఆ ఏడాది ఖాళీ లేకపోతే ఎవరూ ఏం చేయలేరు. ముందే అడగాలి.

"మీ గొప్ప సంస్థలో మీ అమూల్యమైన మార్గదర్శకత్వంలో" అని మొదలయ్యే మెయిల్ ఒకేసారి వందమందికి వెళ్తుందని వాళ్లకు తెలుసు. పది పన్నెండు వాక్యాలు చాలు. మీరెవరు, ఏం చదివారు. వారి పరిశోధన పత్రాల్లో మీరు నిజంగా చదివినది ఏది, అందులో మీకు వచ్చిన సందేహం ఏమిటి. మీ దగ్గర ఏ నైపుణ్యం ఉంది. చివర్లో ఒకే ప్రశ్న: వచ్చే ఏడాది విద్యార్థిని తీసుకుంటున్నారా? రెండు వారాలు చూసి, జవాబు రాకపోతే ఒకసారి మర్యాదగా మళ్లీ రాయండి. జవాబు రాలేదంటే మీరు పనికిరారని కాదు, చాలా మెయిళ్లు తెరవకుండానే కిందికి పోతాయి.

గైడ్ ఎలాంటివారో తెలుసుకోవాలంటే వారి దగ్గర చదువుతున్నవాళ్లను ఫోన్‌లో అడగండి, రాతలో ఎవరూ చెప్పరు. పీహెచ్‌డీ ఎన్నేళ్లకు పూర్తవుతోంది, పత్రంలో మొదటి పేరు ఎవరిది వేస్తారు, ఇంటి పనులు చెబుతారా, అమ్మాయిలతో ఎలా ఉంటారు. మధ్యలో మానేసినవాళ్లు దొరికితే వాళ్లతో తప్పకుండా మాట్లాడండి.

7. ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది

పరిశోధన అంశం ఎక్కడో విదేశీ పత్రికలో ఉంటుందని మనవాళ్లు అనుకుంటారు. ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల్లో ఏటా వచ్చే తెల్లమచ్చల వైరస్ ఉంది. చీమకుర్తిలో గ్రానైట్ క్వారీలున్నాయి. మార్కాపురం పలకలు, వెంకటగిరి చేనేత, ఉదయగిరి చెక్క గరిటెలు, పులికాట్‌కు వచ్చే రాజహంసలు, ఒంగోలు గిత్త ఉన్నాయి. తెలుగు చదివేవాళ్లకు నెల్లూరులోనే ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం ఉంది.

అయితే "కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ సమస్య" అన్నది అంశమే, ప్రశ్న కాదు. దాన్ని ఎలా చెక్కాలో నా పీహెచ్‌డీ పని నుంచే చెబుతాను.

ముందు ఇప్పటికే ఎవరేం చేశారో చూడాలి. గూగుల్ స్కాలర్, దేశంలోని థీసిస్‌లు ఉండే శోధ్‌గంగ, రెండూ ఉచితం. ప్రభుత్వ సంస్థల్లో చదివేవాళ్లకు 2025 జనవరి నుంచి "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" కింద వేల పత్రికలు అందుబాటులోకి వచ్చాయి, మీ లైబ్రరీలో అడిగి తీసుకోండి. నేను "ప్రకాశం, ఫ్లోరైడ్" అని వెతికాను. పాతవి ఏవీ దొరకలేదు. సిగ్గు విడిచి లైబ్రేరియన్ మేడమ్‌ను అడిగితే ఆమె ఒక్క ప్రశ్న వేసింది: "మీ తాలూకా అంతకుముందు ఏ జిల్లాలో ఉండేదమ్మా?" ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. కనిగిరి, పొదిలి, కందుకూరు అప్పటిదాకా నెల్లూరు జిల్లాలోవే. "నెల్లూరు" అని వెతికితే 1937 నాటి ఇండియన్ మెడికల్ గెజెట్ పత్రం దొరికింది. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలి నివేదికగా అందరూ చెప్పేది దాన్నే. చరిత్ర విద్యార్థులకూ ఇదే మాట వర్తిస్తుంది. 1905లో మూడు సంపుటాలుగా అచ్చయిన నెల్లూరు జిల్లా శాసనాల్లో తర్వాత ప్రకాశంలో చేరిన ఊళ్లు ఎన్నో ఉన్నాయి.

తర్వాత ప్రశ్నను కుదించడం. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన ప్రమాణం, 1 లోపు ఉంటే మంచిది. దాటిందని చాలామంది ఇప్పటికే చూపించారు. ఇంకోసారి చూపిస్తే పీహెచ్‌డీ కాదు. "ఒకే ఊళ్లో బోరు లోతు పెరిగేకొద్దీ ఫ్లోరైడ్ ఎలా మారుతోంది, అదే బోరులో వానలకు ముందూ తర్వాతా ఎంత తేడా ఉంది" అంటే కొలిచి తేల్చగలిగే ప్రశ్న అయింది. ఇక్కడ కూడా మన ఊరి సంగతి మనకే తెలియాలి. పుస్తకాల్లో వానాకాలం అంటే జూన్ నుంచి సెప్టెంబరు. మన తీరంలో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో కురుస్తాయి. పుస్తకం చూసి అక్టోబరులో "వానల తర్వాత" నమూనాలు తీస్తే పని మొత్తం పోతుంది. సీసా కూడా గాజుది పనికిరాదు, ఫ్లోరైడ్ గాజును పట్టుకుంటుంది, ప్లాస్టిక్ సీసాల్లోనే తేవాలి.

8. డబ్బు

జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలో, అంటే ఎస్ఆర్ఎఫ్‌గా 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ లేని పీహెచ్‌డీ విద్యార్థికి నెలకు 8,000. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామందికి ఏ ఫెలోషిప్పూ ఉండదు. చేరకముందే "నాకు నెలకు ఎంత వస్తుంది, ఎన్నేళ్లు వస్తుంది" అని అడగడం తప్పు కాదు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులకు వేర్వేరు జాతీయ ఫెలోషిప్‌లు ఉన్నాయి, వాటి నోటిఫికేషన్లు విడిగా చూసుకోవాలి. ఫెలోషిప్ డబ్బు మొదట్లో నెలల తరబడి ఆలస్యం కావొచ్చు. నాలుగు నెలల మెస్ బిల్లుకు సరిపడా చేతిలో పెట్టుకుని వెళ్లండి.

విదేశాలకు వెళ్లేవాళ్లు ఒక్క విషయం గుర్తుంచుకోండి. చాలా కన్సల్టెన్సీలకు విద్యార్థిని చేర్చినందుకు అక్కడి యూనివర్సిటీలు కమీషన్ ఇస్తాయి. అందుకే అవి చెప్పే జాబితాలో కమీషన్ లేని మంచి చోట్లు తరచుగా కనిపించవు. పొలం తాకట్టు పెట్టి ఎంఎస్‌కు వెళ్లేముందు, సైన్సు, ఇంజినీరింగు వాళ్లు అమెరికా పీహెచ్‌డీకి కూడా ప్రయత్నించండి. ఎంపికైతే ఫీజు మాఫీ అయి స్టైపెండ్ వస్తుంది. మూడేళ్ల బీఎస్సీని అక్కడ చాలాచోట్ల ఒప్పుకోరు, ముందు ఎమ్మెస్సీ చేయాలి. దరఖాస్తు ఫీజు కట్టలేకపోతే మాఫీ అడగండి, చాలా డిపార్ట్‌మెంట్లు ఇస్తాయి. జర్మనీకి 2022 నవంబరు నుంచి మన చదువు కాగితాలు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ ధ్రువీకరణ తప్పనిసరి, దానికే కొన్ని వారాలు పడుతుంది. ఖర్చులకు, నెలకు కొంత చొప్పునే తీసుకోగలిగే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలన్నది 2024 సెప్టెంబరు నాటి లెక్క.

9. ఇంటర్వ్యూ

మీరు రాసిన ప్రతి మాటకూ జవాబు మీ దగ్గర ఉండాలి, అంతే. తెలియకపోతే "తెలియదు సార్, కానీ నేనైతే ఇలా మొదలుపెట్టేవాణ్ని" అనండి. వాళ్లు చూసేది అదే. మన యాస గురించి సిగ్గుపడనక్కర్లేదు, నెమ్మదిగా మాట్లాడండి చాలు.

10. చేరిన తర్వాత

మొదటి సెమిస్టర్‌లో అందరూ మనకంటే తెలివైనవాళ్లలా కనిపిస్తారు. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడేవాళ్లకు సబ్జెక్టు కూడా అంతే వచ్చనుకుంటాం. మొదటి ఇంటర్నల్ అయ్యేసరికి ఆ భ్రమ పోతుంది. క్లాసులో అర్థంకానిది అదే రోజు అడగండి. అందరి ముందు అడగలేకపోతే క్లాసయ్యాక అడగండి.

గైడ్‌తో వారానికో, పదిహేను రోజులకో ఒక రోజు ఖాయం చేసుకోండి. వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద మూడు విషయాలు: చేసింది, ఆగిపోయింది, అడగాల్సింది. కలిసి వచ్చాక మాట్లాడుకున్నది చిన్న మెయిల్‌గా పంపండి. ఏడాది తర్వాత "నేనలా చెప్పలేదే" అనే మాట వస్తే ఆ మెయిలే ఆదుకుంటుంది. ఫలితం రాకపోతే దాక్కోవద్దు. నేను మూడో ఏడాది రెండు నెలలు గైడ్ కంటపడకుండా తిరిగాను. చివరికి వెళ్లి చెబితే, ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ పాడైందని ఆయన పావుగంటలో తేల్చేశారు.

రోజూ కొంచెం రాయండి. పని అయ్యాక రాద్దామనుకుంటే ఆరో ఏడాది వస్తుంది. పీహెచ్‌డీకి మామూలు గడువు మూడు నుంచి ఆరేళ్లు. అమ్మాయిలకు అదనంగా రెండేళ్లు, ప్రసూతి, పిల్లల సంరక్షణ కోసం 240 రోజుల దాకా సెలవు నిబంధనల్లోనే ఉన్నాయి. ఎవరి దయా కాదు, రాసి అడగండి.

డబ్బు తీసుకుని వారంలో అచ్చువేస్తామనే పత్రికల జోలికి పోవద్దు. 2022 నిబంధనల్లో థీసిస్ ఇచ్చేముందు పరిశోధన పత్రం అచ్చు కావాలన్న షరతు కూడా తీసేశారు. కాపీ విషయంలో జాగ్రత్త. 10 శాతం దాకా పోలిక ఉంటే ఒప్పుకుంటారు, 40 దాటితే ఏడాది పాటు థీసిస్ ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. చదివేటప్పుడే ఏ వాక్యం ఎక్కణ్నుంచి తీసుకున్నారో పక్కనే రాసుకుంటే ఈ భయం ఉండదు.

నిద్రపట్టకపోవడం, దేనిమీదా మనసు పోకపోవడం వారాల తరబడి ఉంటే టెన్షన్ అని కొట్టిపారేయకండి. 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్ వాళ్లు తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు. నా తోటివాళ్లలో ఒకతను ఆ మాట ఎవరికీ చెప్పకుండానే చదువు వదిలి ఇంటికి వెళ్లిపోయాడు. అతని గదికి వెళ్లి అడిగి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇంట్లో వాళ్లకు మీ పని చెప్పండి. "ఇంకెన్నాళ్లు చదువుతావు, నీ తోటోళ్లంతా ఉద్యోగాల్లో చేరిపోయారు" అని పండక్కి వచ్చిన ప్రతి బంధువూ అంటారు. మీరేం చేస్తున్నారో వాళ్లకు తెలియదు, మనమూ చెప్పం. నేను నాలుగో ఏడాది సంక్రాంతికి వెళ్లినప్పుడు నా మ్యాపు ఒకటి తీసుకెళ్లి నాన్న ముందు పరిచాను. మా చుట్టుపక్కల ఊళ్ల బోర్లన్నీ చుక్కలుగా ఉన్నాయి, పక్కన లోతులు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో చుక్క మీద వేలు పెట్టి ఎవరి పొలమో చెప్పుకుంటూ పోయాడు. ఒకచోట ఆగాడు.

"దీనికి రెండొందల అడుగులని రాశావే?"

"వాళ్లబ్బాయి చెప్పాడు నాన్నా."

"ఆ పిల్లోడికేం తెలుసు. మొదట రెండొందలే. నీళ్లు అడుగంటితే తర్వాత ఆరొందలకు దించారు. ఇంకా నాలుగైదు అట్టాంటివే ఉన్నాయి ఇందులో."

నా లెక్కల్లో ఎంతకీ దారికి రాని చుక్కలు సరిగ్గా అవే. మర్నాడు కనుమ. నాన్న బండి వెనక కూర్చుని, నోటుబుక్ పట్టుకుని, ఒక్కో ఇంటికి వెళ్లి పెద్దవాళ్లను అడగడం మొదలుపెట్టాను.